నాచు గుంతలో ముందు దిగినవాడు

టేకుమట్ల,
2023 ఆగస్టు 6

రాణికి,

మీ వదిన విజయ. నువ్వు, మా తమ్ముడు సురేశ్, పాప శ్వేత అందరూ బాగున్నారని తలుస్తున్నాను. మేము బాగానే ఉన్నాము.

ఫోన్ ఉండగా ఉత్తరాలేంటని తమ్ముడు నవ్వుతాడు, నవ్వనీ. ఆ జ్వరం వచ్చి పోయాక నా కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి ఫోన్ పెట్టుకుంటే మాటలు చేటలో బియ్యం చెరిగినట్టు వినిపిస్తాయి. ఇంట్లో ఉన్న ఒక్క బటన్ ఫోనూ మీ సదానందం అన్న జేబులో ఉంటుంది. నాకు కాగితమే నయం. పదో తరగతి చదివింది ఇందుకైనా పనికొస్తోంది.

అసలు సంగతికి వస్తాను. మా ఊరి బయట గుట్ట పక్కన జొన్న కూడా పండని రాళ్ల నేల ఉంది కదా. అక్కడ ఒక కంపెనీ వాళ్లు నాచు పెంచుతున్నారు. నవ్వకు. చెరువుల్లో కాలు జారే నాచు కాదు, కంటికి ఆననంత సన్నది. పొడుగాటి సిమెంటు తొట్లు కట్టి, మోకాలు మునగని నీళ్లు పోసి, చక్రాలతో పగలూ రాత్రీ తిప్పుతూ ఉంటారు. చూస్తే గోంగూర ఉడికించిన నీళ్లలా ఉంటుంది. ఆ నాచును వడగట్టి, ఎండబెట్టి, నూనె తీసి డీజిల్ చేస్తారట. మంచి భూమి అక్కర్లేదు, తాగే నీళ్లు అక్కర్లేదు, ఫ్యాక్టరీ పొగలోని గ్యాసును తిని పెరుగుతుందని అక్కడి మేనేజరు రాకేష్ సార్ ఊరందరికీ చెప్పాడు. మీ అన్న మూడు నెలలుగా అక్కడే పనిచేస్తున్నాడు. ఇంటికొస్తే ఒళ్లంతా వాగు వాసన. అయినా ఆ నాచంటే ఆయనకు ఎంత ప్రేమో. పొద్దున్నే లేచి మబ్బు పట్టిందా, ఎండ కాసిందా అని చూస్తాడు. ఎండ లేకపోతే నాచు ఆకలితో ఉంటుందట.

అక్కడ మోటార్లు చూసే మనిషి కావాలి. జనగామలో మోటార్లు చుట్టే షాపు మూతపడ్డప్పటి నుంచి తమ్ముడు ఖాళీగానే ఉన్నాడు కదా. పంపించు. మా ఇంట్లోనే ఉంటాడు, మా దగ్గరే తింటాడు. బావ వెంట బావమరిది ఉంటే నాకూ ధైర్యం.

శ్వేతకు ముద్దులు.

మీ వదిన,
విజయ

*

డోర్నకల్,
2023 ఆగస్టు 19

వదినకు నమస్కారం.

ఉత్తరం అందింది. ఆయన చదివి అప్పుడే బ్యాగు సర్దుకున్నాడు. ఇంట్లో కూర్చుని కూర్చుని మనిషి వాడిపోయాడు. ఫ్యాన్లు విప్పి బాగున్నవాటిని కూడా మళ్లీ బాగుచేస్తున్నాడు. వచ్చే సోమవారం బయలుదేరతాడు.

నా బడిలో పిల్లలకు ఈ నాచు సంగతి చెప్పాను. "టీచర్, మా ఇంటి నీళ్ల ట్యాంకుల గూడ ఉన్నది, మా నాయిన బండికి పోస్తా" అన్నాడొకడు. క్లాసంతా నవ్వాము.

మీకు ఒక్క మాట చెప్పాలి, ఏమీ అనుకోకండి. ఆయన మందు మానేసి రెండేళ్లయింది. చర్చిలో అందరి ముందు మాటిచ్చి మానాడు. ఆ రెండేళ్లూ మా ఇంట్లో వెలుగుంది. మీ వైపు పండగైనా చావైనా కల్లు లేకుండా గడవదని నాకు తెలుసు. ఆయన కాదనలేని మనిషి. మీరే అడ్డం ఉండాలి. అన్నకు కూడా చెప్పండి.

మీ మరదలు,
రాణి

*

టేకుమట్ల,
2024 జనవరి 21

రాణికి,

పండక్కి మీరు రాలేదని అలిగాను, ఇప్పుడు అలక తీరింది. ఎందుకంటే చెప్పాల్సిన ముచ్చట ఉంది.

మొన్న మన నాచు డీజిల్‌తో ట్రాక్టర్ నడిపారు! పెద్దసార్లు కార్లలో వచ్చారు. ఊరంతా పోయాము. నూనె కొంచెమే వచ్చింది, మామూలు డీజిల్‌లో కలిపి పోశారని తమ్ముడు తర్వాత చెప్పాడనుకో. అయినా ట్రాక్టర్ కదిలింది. నాకు చప్పుడు వినపడలేదు కానీ కాళ్ల కింద నేల అదరడం తెలిసింది. మీ అన్న కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు. తమ్ముడు ఆయన భుజం మీద కొట్టి, "బావా, గిది నువ్వు పెంచిన బిడ్డనే" అన్నాడు. వాడు నా ఎడమ పక్కనే నిలబడి అన్నాడు కాబట్టి విన్నాను.

వాళ్లిద్దరికీ ఒకరు లేకుండా ఒకరికి పూట గడవడం లేదు. ఆదివారం వస్తే కలిసి తాటివనానికి పోతారు, మధ్యాహ్నం దాటాక వస్తారు. నాకు కాస్త విసుగే కానీ, పోనీలే అనుకుంటాను.

మా నల్లకోడి పదకొండు పిల్లలను తీసింది. పిల్లి రెండింటిని ఎత్తుకుపోయింది.

మీ వదిన,
విజయ

*

డోర్నకల్,
2024 ఫిబ్రవరి 2

వదినకు,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం తినలేదు. తాటివనానికి పోతారు, పోనీలే అని రాశారు. ఎంత తేలిగ్గా రాశారు! అడ్డం ఉండమని నేను బతిమాలింది ఇందుకేనా?

ఆయనకు ఫోన్ చేసి అడిగితే నవ్వాడు. నాకు నవ్వెక్కడిది? తాగిన రోజుల్లో ఆయన ఎలా ఉండేవాడో మీరు చూడలేదు. నేను చూశాను, చిన్నపిల్లగా శ్వేత చూసింది. పని వదిలి రమ్మని చెప్పాను. మీరు కూడా పంపించేయండి.

రాణి

*

టేకుమట్ల,
2024 మార్చి 10

రాణికి,

నీ ఉత్తరం తమ్ముడికి చూపించాను. తలకాయ కొట్టుకున్నాడు. వాళ్లు తాటివనానికి పోయేది మా పాలివాళ్ల ముసలాయన బోరు మోటారు చూడటానికి. అది వారం వారం చెడిపోతుంది. తమ్ముడు బాగుచేస్తాడు, మీ అన్న బోల్టులు విప్పే పానాలు అందిస్తాడు. నేను రాయడమే అడ్డదిడ్డంగా రాశాను. సగం రాసి సగం మింగే అలవాటు నాది. సగం విని సగం ఊహించుకునే చెవులు కదా, రాత కూడా అలాగే అయింది. తమ్ముడు ఇక్కడ చుక్క ముట్టలేదు.

ఇక్కడ పరిస్థితి బాగాలేదు. నాచుకు ఏదో పురుగు తగిలిందట, అది కూడా కంటికి కనపడదట. ఒక తొట్టి రంగు మారింది, తర్వాత ఇంకొకటి, చివరికి అన్నీ గోధుమరంగుకు తిరిగాయి. చచ్చిన నాచునంతా పంపులతో తోడి వెనక ఉన్న పెద్ద గుంతలోకి వదులుతున్నారు. సిమెంటు గుంత, పైన స్లాబు, మనిషి దిగేంత మూత. మురిగిన గుడ్ల వాసన మా వాకిట్లోకి కూడా వస్తోంది. పనివాళ్లను సగం మందిని తీసేశారు. మీ అన్న, తమ్ముడు, ఘనపూర్ దగ్గరి తండా నుంచి వచ్చే లచ్చిరాం మిగిలారు.

తమ్ముడు పోతానంటున్నాడు. పెద్దసార్లు మళ్లీ చూడటానికి వస్తారు, అంతవరకు ఉండమని రాకేష్ సార్ అడిగాడు. బడి సెలవులు ఇవ్వగానే ఇంటికి వచ్చి పాపను వరంగల్ కోట చూపిస్తానని నీకు రాయమన్నాడు.

మీ వదిన,
విజయ

*

డోర్నకల్,
2024 ఏప్రిల్ 29

వదినకు,

ఆయన్ను సమాధి చేసిన రోజు మీరు వస్తారని చాలాసేపు ఆపాను. పాస్టరు గారు ఎండ ముదురుతోందని అన్నారు. ఒక్కగానొక్క తమ్ముడు. మీరు రాలేదు.

భూపాలపల్లి దవాఖాన మార్చురీ ముందు ఉదయం నుంచి నిలబడ్డాను. మీ వైపు నుంచి నాతో ఉన్నది మీ పాలివాళ్ల ముసలాయన ఒక్కడే. బట్టలు ఇచ్చారు. ఆ వాసన పోవడం లేదు. ఉతికాను, మళ్లీ ఉతికాను, తర్వాత కాల్చేశాను.

నిన్న రాకేష్ అనే ఆయన ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. "మీ ఆయన తాగి డ్యూటీకి వచ్చాడమ్మా. తూలి గుంతలో పడ్డాడు. సదానందం పాపం ప్రాణాలకు తెగించి కాపాడబోయాడు" అన్నాడు. సదానందమే అలా వాంగ్మూలం ఇచ్చాడని కాగితం చూపించాడు. అన్న సంతకం నాకు తెలుసు. శ్వేత పక్కనే ఉంది. ఇప్పుడు అది నన్ను అడుగుతోంది, "డాడీ మళ్లీ తాగిండా?" అని.

అన్న ఆ మాట నిజంగానే అన్నాడా? అది మాత్రం రాయండి.

రాణి

*

వరంగల్,
2024 మే 8

రాణికి,

నీ ఉత్తరం మా పక్కింటివాళ్లు ఇక్కడికి, దవాఖానకు తెచ్చి ఇచ్చారు. నేను ఇంటికి పోలేదు. తమ్ముడిని మట్టి చేసిన రోజు మీ అన్న ముక్కులో పైపుతో పడి ఉన్నాడు. బతకడన్నారు. ఎవరి దగ్గర ఉండాలో తెలియక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను రాణీ. వదిలేసి రాలేకపోయాను.

ఆరోజు ఏం జరిగిందో నేను చూడలేదు. అందరూ ఒకేసారి మాట్లాడారు, నాకు ముక్కలు ముక్కలుగా వినపడింది. గ్యాస్ అన్నారు, సురేశ్ అన్నారు, పడ్డాడన్నారు. మీ అన్నకు తెలివి వచ్చాక రాకేష్ సార్ మంచం పక్కన చాలాసేపు మాట్లాడాడు. తర్వాత ఇద్దరు వచ్చి రాసుకున్నారు. మీ అన్న సంతకం పెట్టాడు. నేను అడిగితే, "బామ్మర్ది కోసమే దిగిన. నా చేతుల్ల నుంచి జారిపోయిండు" అని ఏడుస్తున్నాడు. భర్త అబద్ధమాడతాడని నేనెలా అనుకోను?

తాగిన సంగతి నాకు తెలియదు. ఆ రోజు ఇంట్లో నుంచి మామూలుగానే పోయాడు. కానీ నువ్వు కూడా అప్పుడు అనుమానపడ్డావు కదా. మాకు తెలియకుండా తాగి ఉంటాడేమో, మనిషి మనసు ఎవరికి తెలుసు? చచ్చినవాడిని మనం తప్పు పట్టవద్దు. వాడు నా తమ్ముడు కూడా.

విజయ

*

డోర్నకల్,
2024 మే 17

వదినా,

నా భయాన్ని మీరు సాక్ష్యం చేశారు. నేను భార్యను, భయపడ్డాను. మీరు చూసినవాళ్లు, ఆయన చుక్క ముట్టలేదని మీ చేత్తో మీరే రాశారు. ఇప్పుడు ఏమో అంటున్నారు.

మీకు మీ మనిషి దక్కాడు. నాకు ఆయన పేరైనా దక్కనివ్వండి.

ఇంక రాయవద్దు.

రాణి

*

టేకుమట్ల,
2024 జూన్ 23

రాణికి,

వద్దన్నావు, అయినా రాస్తున్నాను. చింపేసే ముందు ఒక్కసారి చదువు.

నిన్న లచ్చిరాం వచ్చాడు. లోపలికి రమ్మంటే రాడు, వాకిట్లో చెప్పులు విడిచి నిలబడ్డాడు. తీసుకొచ్చి నా ఎడమ పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"అక్కా, సురేశన్న తాగి పడ్డడనేది అబద్ధం" అన్నాడు. "ముందుగాల దిగింది సదానందమన్ననే. గుంతల పైపుకు నాచు అడ్డం వడ్డది. పెద్దసార్లు వస్తున్నరు, గుంత ఖాళీ కావాలె, దిగి తియ్యిండ్రని రాకేష్ సార్ ఫోన్ల చెప్పిండు. అన్న దిగిండు. జర సేపటికి పిలిస్తే పలకలే. సురేశన్న 'బావా, బావా' అని ఒర్లుకుంట దిగిండు. 'ఆగన్నా, గ్యాసున్నది' అన్న. ఇనలే."

"తర్వాత?" అన్నాను.

"తాడేసిన. సదానందమన్న సంకల కింద కట్టి సురేశన్న 'గుంజు లచ్చిరాం' అన్నడు. గదే ఆఖరి మాట. గుంజిన. అన్నను ఒడ్డున ఏసి తాడు మళ్ల ఇడిచిన. ఊపిన, పిలిచిన. పట్టుకునేటోడు లేడక్కా."

ఆ మాట నా చెవి తప్పేమోనని మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాను. చెప్పిన ప్రతిసారీ వాడు ఏడ్చాడు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, నోరు మూసుకుంటే ఇంకో చోట పని ఇప్పిస్తామన్నారట. ఇప్పించారట కూడా.

మీ అన్న అన్నం ముందు కూర్చున్నాడు. లచ్చిరాం చెప్పిందంతా చెప్పాను. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మరి సార్లు గట్ల చెప్పిండ్రు గదా?" అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఆయనకు ఆ రోజు సంగతి ఏదీ గుర్తులేదు. గుంత గుర్తులేదు, దిగడం గుర్తులేదు. రాకేష్ సార్ మంచం పక్కన కూర్చుని చెప్పింది విని, అదే తన జ్ఞాపకం అనుకున్నాడు. అబద్ధం ఆడలేదు రాణీ. వాళ్లు ఆయన తలలో పెట్టిన మాటే చెప్పాడు.

ఇంకొకటి ఉంది. ఇవాళ పొద్దున లేచి నన్ను అడిగాడు, "సురేశ్ డ్యూటీకి వోయిండా?" అని. ఆ గ్యాసు ఆయన తలను అలా చేసింది. ఒకరోజు గుర్తుంటుంది, ఒకరోజు ఉండదు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. మళ్లీ మొదటిసారి విన్నట్టే ఏడ్చాడు.

ఏమో అని రాసినందుకు నన్ను తిట్టు. వచ్చే నెల భూపాలపల్లిలో విచారణ ఉందట. నేను ఆయన్ను తీసుకుపోతాను.

విజయ

*

డోర్నకల్,
2024 జూలై 4

వదినా,

చింపలేదు.

శ్వేతకు చదివి వినిపించాను. తాడు దగ్గర నేను ఆగిపోయాను, మిగతాది అదే చదువుకుంది. బడికి పోయి తన స్నేహితురాళ్లకు చెప్పిందట, మా డాడీ తాగలేదని. అదొక్కటే దానికి కావాల్సింది. నాకూ అంతే. అన్న సంతకం పెట్టిన కాగితంలో తాగాడన్న మాట తీసేయాలి.

నేనూ విచారణకు వస్తాను. తేదీ తెలియగానే రాయండి.

రాణి

*

టేకుమట్ల,
2024 జూలై 28

రాణికి,

తేదీ ముందుకు జరిపారు. నాకు ముందురోజు సాయంత్రం తెలిసింది. మీ అన్న ఫోన్ నుంచి పక్కింటివాళ్ల చేత నీకు చేయించాను, నీది కలవలేదన్నారు. నీకు రావాల్సిన నోటీసు వచ్చిందో లేదో. కావాలనే అలా చేశారేమో, నాకు తెలియదు.

పొద్దున్నే బస్సులో ఆయనకు మొత్తం చెప్పాను. దారంతా మళ్లీ చెబుతూనే ఉన్నాను. పక్క సీటులోని ఆవిడ నాకు పిచ్చి అనుకున్నట్టుంది.

లచ్చిరాం రాలేదు. ఫోన్ ఆపేసి ఉంది. నేను వాణ్ని తిట్టలేను. కానీ వాడి కోసం గేటు వైపు చూసి చూసి కళ్లు కాయలు కాశాయి.

లోపల ఆఫీసరు, కంపెనీ వకీలు, రాకేష్ సార్ ఉన్నారు. నన్ను మీ అన్న పక్కన కూర్చోనిచ్చారు. అక్కడ రాసుకునే గుమస్తా మంచివాడు, నాకు వినపడటం లేదని చెబితే జరిగిన మాటలు ఒక కాగితం మీద రాసిచ్చాడు. అది చూసి నీకు రాస్తున్నాను.

మీ అన్న లేచి, "రాకేష్ సార్ ఫోన్ల దిగుమంటే ముందుగాల దిగింది నేను. నన్ను పైకి పంపింది నా బామ్మర్ది. వాడు తాగలే" అన్నాడు.

"ఇది మీకు గుర్తుందా?" అని వకీలు అడిగాడు.

"లేదు సార్. నా పెండ్లాం చెప్పింది."

వకీలు నవ్వాడు. "అంటే ఇది విన్న మాట. చూసిన మాట కాదు."

"విన్నదే సార్. మొదలు నేను సంతకం వెట్టింది గూడ విన్నదే. గది గీ సారు చెప్పిండు" అని రాకేష్ సార్ వైపు చూపించాడు. "రెండూ విన్నయే అయితే, రెండూ కొట్టేయిండ్రి. తాగి పడ్డడని నా పేరు మీద మాత్రం ఉంచకుండ్రి."

ఆ రోజు దిగమని ఫోన్ చేసింది మీరేనా అని ఆఫీసరు అడిగితే, రాకేష్ సార్ నీళ్లు తాగి, దిగవద్దనే చెప్పానన్నాడు. ఆఫీసరు మీ అన్న పాత వాంగ్మూలాన్ని పక్కన పెట్టమన్నాడు. పోస్టుమార్టం రిపోర్టు వచ్చేదాకా ఏదీ తేల్చనన్నాడు. అంతే. గెలిచామో ఓడామో నాకు తెలియలేదు.

బయటికి వచ్చి టీ తాగుతుంటే మీ అన్న అడిగాడు, "గిక్కడికెందుకు వచ్చినం?"

తొట్లు ఎండిపోయాయి. అడుగున నాచు పెచ్చులు కట్టి గాలికి లేస్తోంది. కంపెనీవాళ్లు మోటార్లు విప్పుకుని లారీలో పట్టుకుపోయారు. మంచి పనే చేయబోయారేమో, నాకు తెలియదు. చచ్చిన నాచును కడగడానికి మాత్రం మన మనుషులు కావాల్సి వచ్చారు.

ఆయన్ను తీసుకుని నీ దగ్గరికి రావచ్చా?

విజయ

*

డోర్నకల్,
2024 ఆగస్టు 9

వదినా,

నోటీసు నాకు విచారణ అయిపోయిన తర్వాత చేరింది.

రిపోర్టు వచ్చింది. మందు లేదు. ఊపిరితిత్తుల నిండా ఆ గ్యాసే అని రాశారు. ఎవరి తప్పో మాత్రం ఎక్కడా రాయలేదు. రాకేష్ వేరే రాష్ట్రానికి పోయాడట, కేసు నడుస్తుందట.

రండి. అన్నను తీసుకురండి.

రాణి

*

డోర్నకల్,
2024 సెప్టెంబర్ 16

వదినా,

మీరు క్షేమంగా చేరారని పక్కింటివాళ్ల ఫోన్ వచ్చింది. మీరు వెళ్లినప్పటి నుంచి ఇది రాయాలనుకుంటున్నాను. సమాధుల దొడ్డిలో మీరు శ్వేతను పట్టుకుని చెట్టు నీడన ఆగిపోయారు. అన్న, నేను ముందుకు పోయాము. మేము మాట్లాడుకున్నది మీకు వినపడి ఉండదు. తిరిగి వచ్చాక మీరు అడిగితే తర్వాత చెబుతానన్నాను. నోటితో చెప్పలేకపోయాను.

అన్న సమాధి దగ్గర నిలబడి పేరు చదివాడు. కూడబలుక్కుని చదివాడు. తర్వాత నా వైపు తిరిగి, "చెల్లె, సురేశ్‌కు ఏమైంది?" అన్నాడు.

మీరు బస్సులో చెప్పి తీసుకొచ్చారని నాకు తెలుసు. అయినా ఆ ముఖంలో ఏమీ లేదు. నాకు ముందు కోపం వచ్చింది. ఈయన కోసం పోయాడు, ఈయనకు అది కూడా గుర్తులేదు అనిపించింది. ఏదో రోగమని చెప్పి వెనక్కి తిప్పుదామనుకున్నాను. నోరు రాలేదు. మా ఆయన చేసింది నా నోటితో నేను దాచలేను.

చెప్పాను. గుంత, తాడు, లచ్చిరాం, అన్నీ. అన్న కింద కూర్చున్నాడు. "గప్పుడు నేనేం చేస్తున్న?" అని అడిగాడు.

"మీరు సోయిల లేరన్నా" అన్నాను.

చాలాసేపు మట్టిని అరచేత్తో సాపు చేస్తూ కూర్చున్నాడు. చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. తర్వాత, "చెల్లె, నేను రేపటికి మర్చిపోత. మళ్ల చెప్పమను మీ వదినను. ఇడిచిపెట్టొద్దని చెప్పు. వాడు చేసింది నేను మర్చిపోతే ఎట్ల?" అన్నాడు. నా చేయి పట్టుకుని మాట తీసుకున్నాడు.

మాటిచ్చాను కాబట్టి మీకు రాస్తున్నాను. కానీ వదినా, నేనొకటి చెబుతాను, అది కూడా వినండి. ఆ మనిషి ఏడవడం నేను చూశాను. నాకు ఒక్కసారే జరిగింది ఆయనకు మళ్లీ మళ్లీ జరుగుతోంది. చెప్పేది మీరే కాబట్టి మీకూ జరుగుతోంది. ఇది చూడటానికి మా ఆయన ఆ తాడు కట్టలేదు.

అన్న అడిగిన రోజు చెప్పండి. ఒక్క అక్షరం దాచకుండా చెప్పండి. అడగని రోజు, సురేశ్ డోర్నకల్‌లో ఉన్నాడని చెప్పి అన్నం పెట్టండి. అది అబద్ధం కూడా కాదు.

మీ మరదలు,
రాణి